కుప్పం కంచుకోటేనా? మెజారిటీని కాసేపు పక్కన పెట్టి చూడండి

మీరు అడిగింది ఇది: "కుప్పంలో చంద్రబాబు 1989 నుంచి ఓడిపోలేదు. 2019లో మెజారిటీ 30 వేలకు దిగింది, 2021లో మున్సిపాలిటీ పోయింది, 2024లో మళ్లీ 48 వేలు వచ్చింది. అంటే కంచుకోట కదిలి మళ్లీ కుదుటపడినట్టేనా? అసలు ఆయనకు ముందు కుప్పం ఎవరిది?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కంచుకోటే, అందులో అనుమానం లేదు. కానీ 2019లో హఠాత్తుగా కదిలిందీ లేదు, 2024లో మునుపటి స్థాయికి తిరిగి వచ్చిందీ లేదు. 1994 తర్వాత పాతికేళ్ల పాటు ప్రతి ఎన్నికలోనూ ప్రత్యర్థి కొంచెం కొంచెంగా దగ్గరవుతూ వచ్చాడు. ఆ వరస 2024లో మొదటిసారి ఆగింది. ఇది కనిపించకపోవడానికి కారణం మనందరం మెజారిటీ ఒక్కటే చూడటం. ఇక రెండో ప్రశ్నకు: ఆయన రాకముందే 1983, 1985ల్లో ఆ సీటు తెలుగుదేశానిదే.

నేను చాలాకాలం జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేశాను. ఎన్నికలొస్తే నియోజకవర్గాల ముఖచిత్రాలు రాయడం, కౌంటింగ్ రోజు రౌండ్ల లెక్కలు తీసుకోవడం నా పని. అందుకే ఈ అంకెలతో కాస్త పరిచయం. ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదని ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కింద కామెంట్లలో నాకు ఏదో ఒక కండువా కప్పేస్తారు.

1989కి ముందు

1978లో కుప్పంలో గెలిచింది కాంగ్రెస్ తరఫున బి.ఆర్. దొరస్వామి నాయుడు. అదే ఏడాది చంద్రబాబు కూడా మొదటిసారి ఎమ్మెల్యే అయ్యారు. అయితే కుప్పంలో కాదు, చంద్రగిరిలో. ఆయన సొంతూరు నారావారిపల్లె అక్కడిదే. అప్పుడు ఆయన కాంగ్రెస్. 1983లో ఎన్టీఆర్ గాలి వీచినప్పుడు అదే చంద్రగిరిలో కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి తెలుగుదేశం అభ్యర్థి మేడసాని వెంకట్రామ నాయుడి చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాతే మామగారి పార్టీలోకి వచ్చారు. 1985లో అసలు పోటీ చేయలేదు.

ఈలోగా కుప్పంలో తెలుగుదేశం అభ్యర్థి ఎన్. రంగస్వామి నాయుడు వరుసగా రెండుసార్లు గెలిచారు. కాబట్టి 1989లో చంద్రబాబు కుప్పానికి వచ్చేసరికి పునాది సిద్ధంగా ఉంది. "ఎడారిలో కోట కట్టారు" అన్నట్టు రాసే వ్యాసాలు ఈ రెండు ఎన్నికలనూ దాటేస్తాయి.

కానీ ఆ 1989 ఎన్నిక తేలిగ్గా జరిగిందనుకోకండి. రాష్ట్రమంతా తెలుగుదేశానికి ఎదురుగాలి. 294 సీట్లలో ఆ పార్టీకి వచ్చినవి 74. ఎన్టీఆరే కల్వకుర్తిలో ఓడిపోయారు, రెండో సీటు హిందూపురం గెలిచారు కాబట్టి సభలో ఉన్నారు. అలాంటి ఏడాదిలో, జిల్లాలో మరో మూల నుంచి వచ్చిన మనిషి, అంతకుముందు అక్కడ ఎమ్మెల్యేగా చేసిన దొరస్వామి నాయుడి మీద 6,918 ఓట్లతో బయటపడ్డారు. ఎనిమిది గెలుపుల్లో ఇదే అన్నిటికంటే చిన్నది.

అంకెలు ఇవీ

మొదటిది చంద్రబాబు ఓట్లు, రెండోది సమీప ప్రత్యర్థి ఓట్లు, చివరిది మెజారిటీ.

1989: 50,098 – 43,180 – 6,918
1994: 75,210 – 18,622 – 56,588
1999: 93,288 – 27,601 – 65,687
2004: 98,123 – 38,535 – 59,588
2009: 89,952 – 43,886 – 46,066
2014: 1,02,952 – 55,831 – 47,121
2019: 1,00,146 – 69,424 – 30,722
2024: 1,21,929 – 73,923 – 48,006

చివరి అంకెను మీ వేలితో మూసేసి, మధ్యలో ఉన్న అంకెను 1994 నుంచి పైనుంచి కిందికి చదవండి. 18 వేలు, 27 వేలు, 38 వేలు, 43 వేలు, 55 వేలు, 69 వేలు, 73 వేలు. ఒక్కసారి కూడా తగ్గలేదు. పార్టీ మారింది, అభ్యర్థి మారాడు, రాష్ట్రమే రెండుగా విడిపోయింది, రెండో స్థానంలో ఉన్నవాడి ఓట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మొదటి అంకె చూడండి. 1999లో 93 వేలు, 2019లో లక్ష. ఇరవై ఏళ్లలో చంద్రబాబుకు నికరంగా పెరిగిన ఓట్లు 6,858. అదే ఇరవై ఏళ్లలో ప్రత్యర్థికి పెరిగినవి 41,823. ఓటర్ల జాబితాలోకి కొత్తగా చేరినవాళ్లు, ఓటుహక్కు వచ్చిన కుర్రాళ్లు, ఎక్కువ భాగం అవతలి వైపు వెళ్లారనే కదా దీని అర్థం.

మెజారిటీ ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో కూడా చెప్పాలి. 1989లో మొదటి ఇద్దరికీ కలిపి పడ్డ ఓట్లు 93 వేలు. 2024లో 1,95,852, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. అలాంటప్పుడు పాత 47 వేలనీ కొత్త 48 వేలనీ పక్కపక్కన పెట్టి "పెరిగింది" అనడం సరైన లెక్క కాదు. ఇద్దరికీ కలిపి పడ్డ ప్రతి వంద ఓట్లలో ఆయనకు ఎన్ని పడ్డాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 1989లో 54. 1994లో 80. అక్కడి నుంచి 77, 72, 67, 65, 59. 2024లో 62.

అంటే 2024 మెజారిటీ 2014 కంటే ఎక్కువే, వాటా మాత్రం 2014 కంటే తక్కువ. మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ ఒక్క వాక్యంలో ఉంది.

డెస్కులో ఇది ఎందుకు తప్పిపోతుందో నాకు బాగా తెలుసు. కౌంటింగ్ రోజు ఫోన్లో రిపోర్టరు ముందు చెప్పేది "ఎంత లీడు" అనే. సాయంత్రానికి హెడ్డింగు కూడా దాని మీదే పెడతారు. ఓడినవాడికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది లోపలి పేజీలో పట్టికలో, చిన్న అక్షరాల్లో పడుతుంది. అయిదేళ్ల తర్వాత ముఖచిత్రం రాసేవాడు పాత హెడ్డింగులే తిరగేస్తాడు.

ఎందుకు ఇలా జరిగింది?

1994లో అంత పెద్ద ఎత్తుకు ఎలా వెళ్లిందన్నది సులభం. ఎన్టీఆర్ గాలి, తెలుగుదేశానికి ఒంటరిగానే 216 సీట్లు. 1999 నాటికి చంద్రబాబు ముఖ్యమంత్రి. ముఖ్యమంత్రి నియోజకవర్గం అన్న హోదా ఒక మారుమూల ప్రాంతానికి ఎంత విలువైనదో బయటివాళ్లకు అర్థం కాదు. పటం తీసి చూడండి. రాష్ట్రానికి నైరుతి కొసన, ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే చోటు. ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ జాబితాలో ఇచ్ఛాపురం ఒకటో నంబరైతే కుప్పం చిట్టచివరి 175. అలాంటి చోటికి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యం ప్రయోగం అక్కడే మొదలుపెట్టారు. అధికారులు ఫైళ్లు పట్టుకుని కుప్పం చుట్టూ తిరిగిన రోజులవి.

2004లో రాష్ట్రంలో పార్టీ 47 సీట్లకు పడిపోయినా కుప్పంలో 59 వేల మెజారిటీ వచ్చిందంటే ఆ పదేళ్ల పని ప్రభావమే. అయితే అప్పటికే ప్రత్యర్థి ఓట్లు 1999 కంటే 11 వేలు పెరిగాయి. నేను గమనించినంతలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నా లెక్కలో అసలు మలుపు 2014. అంతకుముందు మూడు ఎన్నికల్లోనూ కాంగ్రెస్ అభ్యర్థి ఒక్కరే, ఎం. సుబ్రహ్మణ్యం రెడ్డి. గెలవలేమని తెలిసిన సీటుకు అభ్యర్థిని వెతకడానికి ఏ పార్టీ అయినా ఎంత శ్రమ పడుతుంది చెప్పండి. 2014లో వైఎస్సార్‌సీపీ వేరే దారి పట్టింది. కుప్పంలో సంఖ్యాబలం ఎక్కువగా ఉన్నది వన్యకుల క్షత్రియులు. ఆ వర్గానికే చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి కె. చంద్రమౌళిని దించింది. 2014లోనూ 2019లోనూ ఆయనే. 2020లో ఆయన చనిపోయాక కొడుకు కె.ఆర్.జె. భరత్‌కు బాధ్యత అప్పగించి, ఎమ్మెల్సీని చేసి, 2024లో నిలబెట్టింది. అంటే పదేళ్లు ఒకే కుటుంబం, ఒకే వ్యూహం. 43 వేల నుంచి 73 వేలకు చేరడంలో దీని పాత్ర పెద్దదే.

రెండో కారణం మనిషి దూరం. చంద్రబాబు ఏళ్ల తరబడి కుప్పాన్ని ద్వితీయ శ్రేణి నాయకుల చేతుల్లో పెట్టి నడిపారు. ఎన్నికలప్పుడు రాష్ట్రమంతా తిరగాలి కాబట్టి నామినేషన్ కూడా ఆయన తరఫున వేరేవాళ్లు వేసిన సందర్భాలున్నాయి. 2024లో భార్య భువనేశ్వరి వేశారు. నియోజకవర్గంలో సొంత ఇల్లు కూడా లేదన్నది ప్రత్యర్థులు ఎప్పుడూ ఎత్తిచూపే మాట. శాంతిపురం మండలంలో కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం జరిగింది 2025 మే నెలలో. ఊళ్లో నాయకుడికి ఓటరు అలవాటు పడితే మంచిదే. కానీ ఆ నాయకుడి మీద కోపం వస్తే దాని చెడ్డపేరు పైవాడికే తగులుతుంది. 2019లో ఓట్లు తగ్గడంలో ఇది చాలా ఉందని నా అభిప్రాయం.

నీళ్ల సంగతి చెప్పకపోతే కుప్పం వాళ్లు ఊరుకోరు. హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువ మూడు ఎన్నికల్లో ప్రచారాంశం. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముందు, జగన్ వచ్చి నీళ్లు వదిలారు. 2025 ఆగస్టులో చంద్రబాబు వచ్చి జలహారతి ఇచ్చారు. ఎవరి నీళ్లు అసలు నీళ్లన్న గొడవ మనకెందుకు గానీ, అంతకాలం ఆ కాలువ పూర్తికాకపోవడం వల్ల అన్ని పార్టీలూ ఓట్లు అడగగలిగాయన్నది నిజం.

2021 మున్సిపాలిటీ ఫలితాన్ని ఎలా చదవాలి

మీ ప్రశ్నలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైఎస్సార్‌సీపీకి, 6 తెలుగుదేశానికి వచ్చాయి. "కుప్పం పోయింది" అని టీవీల్లో మోత మోగించారు. వైఎస్సార్‌సీపీ ఎత్తుకున్న "వై నాట్ కుప్పం" నినాదానికి ఊపు వచ్చింది అక్కడి నుంచే.

స్థానిక ఎన్నికల ఫలితంతో అసెంబ్లీ ఫలితాన్ని అంచనా వేయకండి. అధికారంలో ఉన్న పార్టీకి స్థానిక సంస్థల్లో ఉండే అనుకూలత ఏ రాష్ట్రంలోనైనా ఉంటుంది. 2021 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే తెలుగుదేశానికి దక్కిన మున్సిపాలిటీ తాడిపత్రి ఒక్కటే. ఆ నిష్పత్తిలో అసెంబ్లీ ఫలితం వచ్చి ఉంటే 2024లో ఆ పార్టీకి 135 సీట్లు ఎక్కడివి? పైగా కుప్పం నియోజకవర్గమంటే పట్టణం ఒక్కటే కాదు. కుప్పం, శాంతిపురం, రామకుప్పం, గుడిపల్లె, నాలుగు మండలాలు. పట్టణం అందులో ఒక ముక్క.

అలాగని ఆ ఫలితానికి విలువే లేదనడం కూడా తప్పే. దానివల్ల జరిగిన అసలు పని వేరు. తెలుగుదేశం అధినాయకత్వం నిద్ర లేచింది. తర్వాతి రెండేళ్లలో చంద్రబాబు కుప్పం పర్యటనలు ఎలా పెరిగాయో మీరే గుర్తు చేసుకోండి. 2022 ఆగస్టులో రామకుప్పం, కుప్పంలో గొడవలు జరిగాయి. 2023 జనవరిలో, రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేసే జీవో నంబరు 1 పేరుతో పోలీసులు ఆయన పర్యటనకు అడ్డు చెప్పారు. అదే నెల 27న లోకేశ్ యువగళం పాదయాత్ర కుప్పం నుంచే మొదలైంది. సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టు. వీటన్నిటి తర్వాత 2024లో ఏమైంది? 2019తో పోలిస్తే ఇద్దరికీ కలిపి కొత్తగా పెరిగిన ఓట్లు 26,282. అందులో 21,783 చంద్రబాబుకే. అంటే ప్రతి ఆరింటిలో అయిదు. ఇరవై ఏళ్లుగా 90 వేలు, లక్ష మధ్య ఆడుతున్న ఆయన ఓటు మొదటిసారి లక్షా ఇరవై వేలు దాటింది.

అయినా గాలితో పోల్చి చూడాలి. 2024లో కూటమికి 164 సీట్లు వచ్చిన గాలి అది. గాజువాకలో 95 వేలు, భీమిలిలో 92 వేలు, మంగళగిరిలో 91 వేల మెజారిటీలు వచ్చాయి. వాటి పక్కన కుప్పం 48 వేలు మధ్యస్థంగానే కనిపిస్తుంది. దీనికి తిరగేసిన బొమ్మ 2019. ఉమ్మడి చిత్తూరు జిల్లా 14 సీట్లలో 13 వైఎస్సార్‌సీపీకి పోతే మిగిలింది కుప్పం ఒక్కటే. గాలి ఎటు వీచినా ఈ సీటు రాష్ట్రమంత ఊగదు. కంచుకోట అనే మాటకు నేనిచ్చే అర్థం అదే.

ఎంపీ సీటు సంగతి

దీన్ని మీరు అడగలేదు, కానీ కుప్పం మెజారిటీకి ఇంకో ఉపయోగం ఉంది. చిత్తూరు లోక్‌సభ స్థానంలో 2009లో తెలుగుదేశం అభ్యర్థి శివప్రసాద్ గెలిచింది దాదాపు 10,600 ఓట్లతో. 2014లో 44 వేల పైచిలుకుతో. ఆ రెండేళ్లూ కుప్పంలో చంద్రబాబు అసెంబ్లీ మెజారిటీ అంతకంటే ఎక్కువ. అసెంబ్లీకి వేసిన ఓటూ పార్లమెంటుకు వేసిన ఓటూ ఒకటి కాదు, క్రాస్ ఓటింగ్ ఉంటుంది, కాబట్టి అచ్చంగా తీసివేత చేసి చూపించకూడదు. అయినా ఎంపీని కుప్పమే గెలిపిస్తుందని జిల్లాలో అనే మాట ఊరికే పుట్టలేదు. 2019లో అవతలివైపు ఆధిక్యం లక్షా 37 వేలు దాటేసరికి కుప్పం లీడు ఏ మూలకూ సరిపోలేదు.

జాగ్రత్తలు

నేను పైన చెప్పిన వాటా మొదటి ఇద్దరి మధ్య లెక్క మాత్రమే. మూడో అభ్యర్థి బలంగా ఉన్న ఏడాది, ఉదాహరణకు రాష్ట్రంలో ప్రజారాజ్యం పోటీ చేసిన 2009, బొమ్మ కొంచెం వేరుగా ఉంటుంది. మొత్తం పోలైన ఓట్లతో భాగిస్తే అంకెలు కొన్ని పాయింట్లు తగ్గుతాయి.

2004నీ 2009నీ పోల్చేటప్పుడు ఏ నియోజకవర్గానికైనా ఒకసారి ఆగాలి. 2001 జనాభా లెక్కల ఆధారంగా చేసిన నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చింది 2009 ఎన్నికల్లోనే. పేరు అదే ఉంటుంది, ఊళ్లు మారిపోయి ఉంటాయి. జిల్లాలో ఏ సీటు చరిత్ర రాసినా నేను ఆ రెండు ఎన్నికల మధ్య ఒక గీత గీసుకునే మొదలుపెడతాను.

దొంగ ఓట్ల ఆరోపణ కూడా వింటూ ఉంటారు. మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి రెండు చోట్ల ఓట్లున్నాయని వైఎస్సార్‌సీపీ చాలాసార్లు అంది, తెలుగుదేశం కొట్టిపారేసింది. నేను చూసింది మాత్రం ఇంకోటి. కుప్పం నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు చాలామంది, రైలు మార్గం ఉంది కాబట్టి రోజూ వెళ్లి వచ్చేవాళ్లూ ఉన్నారు. పోలింగు నాడు అటువైపు నుంచి వచ్చే రైళ్లలో జనరల్ బోగీలు కిటకిటలాడతాయి. బయటి రాష్ట్రం నుంచి దిగిన ప్రతివాడూ దొంగ ఓటరు కాదు. వాళ్లు ఆ ఊరివాళ్లే.

మీరే స్వయంగా చూడాలనుకుంటే ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో పాత ఎన్నికల అభ్యర్థుల వారీ ఓట్లు ఉంటాయి. ఈమధ్యవాటికి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 దించుకోండి. అందులో పోలింగ్ కేంద్రం వారీగా ఓట్లుంటాయి. కేంద్రాలను నాలుగు మండలాలుగా విడగొట్టి, 2019నీ 2024నీ పక్కపక్కన పెట్టండి. పట్టణాన్ని విడిగా తీయండి. 2021లో వార్డులు గెలిచిన పార్టీకి 2024లో అదే పట్టణంలో ఏమైందో అక్కడే తేలుతుంది. ఎక్సెల్ వచ్చినవాళ్లకు ఒక ఆదివారం పని.

2029 గురించి అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మెజారిటీ ఎంతొస్తుందని నేను చూడను, రెండో స్థానంలో ఉన్నవాడి ఓట్లు 74 వేలు దాటతాయా లేదా అన్నది చూస్తాను. ఈలోగా ఇంకో సంగతి. రాష్ట్ర విభజన చట్టంలో 175 అసెంబ్లీ సీట్లను 225 చేయాలన్న నిబంధన ఉంది. 2026 తర్వాతి జనాభా లెక్కలతో ముడిపడి పునర్విభజన పెండింగ్‌లో ఉంది. అది జరిగి నాలుగు మండలాల హద్దులు మారితే, పైన ఇచ్చిన ఎనిమిది వరసల కింద తొమ్మిదోది రాసేముందు మళ్లీ ఒక గీత గీయాల్సిందే.